ఆ మార్ఫిన్ మాత్ర ఇచ్చింది నేనే.. నాన్న అందుకే పోయారా?

ప్రశ్న: మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేశారు. నైట్ హాల్ట్ నుంచి వచ్చినా, నన్ను సైకిల్ మీద స్కూల్లో దింపాకే పడుకునేవారు. గత ఏడాది 63 ఏళ్ల వయసులో పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయారు. అంతకుముందు చాలా రోజులు వీపు నొప్పి అంటుంటే డ్రైవింగ్ సీటు వల్లే అనుకున్నాం. రాత్రుళ్లు దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవారు. కొత్తగా షుగర్ వచ్చింది, చిక్కిపోయారు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు మందు పోయించి మూడు వారాలు పోగొట్టాం. స్కాన్ తీసేసరికే లివర్‌కు పాకింది. చివరి వారాల్లో నొప్పి తగ్గడానికి డాక్టర్ రాసిచ్చిన ప్రకారం నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర ఇచ్చేదాన్ని. ఆఖరి రాత్రి కూడా నేనే ఇచ్చాను, తెల్లారేసరికి లేరు. వచ్చే నెల సంవత్సరీకం. కళ్లు మూసుకుంటే ఆ పచ్చటి కళ్లే కనిపిస్తున్నాయి, మా మామూలు నాన్న గుర్తుకు రావడం లేదు. ఈమధ్య నాకూ కడుపునొప్పి. రెండుసార్లు స్కాన్, సీఏ 19-9 అనే రక్తపరీక్ష చేయించుకున్నా. ఏమీ లేదన్నారు, నమ్మకం కుదరడం లేదు. నా వయసు 36.
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి చెబుతాను. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని నాకు అనిపిస్తోంది. మీ నాన్నగారు దానివల్ల పోలేదు. రోజుల తరబడి అదే మోతాదులో వేసుకుంటున్న మనిషికి శరీరం ఆ మందుకు అలవాటు పడి ఉంటుంది. నొప్పికి తగినట్టు లెక్క కట్టి ఇచ్చిన మార్ఫిన్ ప్రాణాన్ని తొందరపెట్టదు. ఆఖరి రోజుల్లో వచ్చే ఆ మగత, ఊపిరి మెల్లగా తగ్గడం జబ్బు వల్ల వచ్చేవి. నాలుగు గంటలకోసారి ఇచ్చే మందు కాబట్టి, ఎవరు పోయినా అంతకు కాసేపటి ముందు ఎవరో ఒకరి చేత్తో ఒక మాత్ర పడే ఉంటుంది. ఆ రాత్రి ఆ చెయ్యి మీదైంది, అంతే.

మరో మాట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కారణంగా మన దేశంలో క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ దొరకడమే గగనంగా ఉండేది. 2014లో చట్టాన్ని సవరించాకే దారి కాస్త సులువైంది. ఈరోజుకీ ఆ పేరు వింటేనే భయపడి, ఇంట్లో మాత్ర ఉండి కూడా ఇవ్వని కుటుంబాలను చూస్తుంటాను. ఆ ఇళ్లలో రోగి అరుపులు వీధి చివరిదాకా వినిపిస్తాయి. మీరు వేళకు లేచి ఇచ్చారు కాబట్టే ఆయన నిద్రలో వెళ్లారు.

ఇక ఆలస్యం గురించి. పాంక్రియాస్, అంటే క్లోమం, పొట్ట వెనక వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. అక్కడ గడ్డ పెరిగితే చేతికి తగలదు. నొప్పి వీపులోకి పొడుస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఎక్కువై ముందుకు వంగితే తగ్గుతుంది. దిండుతో కూర్చోవడం అందుకే. కానీ మూడు దశాబ్దాలు బస్సు నడిపిన మనిషి వీపు నొప్పి అంటే నేనైనా మొదట సీటునే అనుమానిస్తాను. ఈ క్యాన్సర్ బయటపడేనాటికి పదిమందిలో ఇద్దరికి మించి ఆపరేషన్‌కు వీలుండదు. పెద్ద ఆసుపత్రుల పక్కనే ఉండేవాళ్ల పరిస్థితీ ఇంతే.

పసరు మందు విషయంలో మాత్రం మీ మనసు తేలికపడాలని అబద్ధం చెప్పను. కళ్లు పచ్చబడితే పసరు తాగించి ఎదురుచూడటం తప్పే. అది లివర్ వాపు కావచ్చు, పిత్తనాళంలో రాయి కావచ్చు, గడ్డ కావచ్చు. రక్తపరీక్ష, కడుపు స్కాన్ చేస్తేగానీ తేలదు. యాభై దాటినవారికి ఉన్నట్టుండి షుగర్ వచ్చి, తిండి తింటున్నా బరువు తగ్గుతుంటే కూడా ఒకసారి పాంక్రియాస్ వైపు చూడమని డాక్టర్‌ను అడగాలి. ఇది చదివేవాళ్లందరికీ చెబుతున్నాను. మీ నాన్నగారి విషయానికొస్తే, లివర్‌లో మచ్చలు మూడు వారాల్లో పుట్టుకొచ్చి ఉండవు. పసరు పోయించిన రోజుకే జబ్బు అక్కడికి చేరి ఉంటుంది. ముందే స్కాన్ తీసి ఉంటే పిత్తనాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేసి కామెర్లు, దురద తొందరగా తగ్గించగలిగేవారు. ఆయన్ను బతికించగలిగేవారు మాత్రం కాదు.

మీ కడుపునొప్పి అబద్ధమని నేననను. పోయినవాళ్లకు ఎక్కడ నొప్పి వచ్చిందో అక్కడే మనకూ మొదలవడం మేం తరచూ చూసేదే. నిద్ర లేకపోవడం, వేళకు తినకపోవడం, దిగులు.. ఇవన్నీ పొట్ట మీదే పడతాయి. ఒక ఫిజీషియన్‌కు చూపించుకుని గ్యాస్ట్రైటిస్ ఉంటే మందు వాడండి. సీఏ 19-9 మాత్రం మళ్లీ చేయించుకోవద్దు. జబ్బు ఉన్నవాళ్లకు చికిత్స ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి వాడే పరీక్ష అది. పిత్తనాళంలో రాయి ఉన్నా అందులో వచ్చే అంకె పెరుగుతుంది, కొందరికి క్యాన్సర్ ఉన్నా పెరగదు. అందుకే ఏమీ లేదన్నా మీకు నమ్మకం కుదరలేదు, ఇంకోసారి చేయించినా కుదరదు. బరువు తగ్గినా, కళ్లు పచ్చబడినా అప్పుడు ఆలస్యం చేయకండి.

వంశపారంపర్యమా అంటే, ఈ క్యాన్సర్లలో దాదాపు పదింట తొమ్మిది అలా వచ్చేవి కావు. అయినా ఒక పని చేయండి. నాన్నగారి తోబుట్టువుల్లో, నాయనమ్మ వైపు ఎవరికైనా రొమ్ము, అండాశయ, పాంక్రియాస్ క్యాన్సర్లు వచ్చాయేమో పెద్దవాళ్లను అడగండి. బీఆర్‌సీఏ2 లాంటి జన్యు లోపం ఇవన్నీ తేగలదు. అలాంటివారు ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. లేకపోయినా ఒకసారి అడిగి రావడంలో తప్పులేదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే ఈరోజే మానిపించండి. పొగతాగేవారికి ఈ జబ్బు ముప్పు సుమారు రెట్టింపు.

ఆయన మామూలు ముఖం గుర్తుకు రావడం లేదన్నారు. ఆ మాట చదివి నాకూ బాధేసింది. భయంతో చూసిన దృశ్యాలను మెదడు అన్నిటికంటే పైన పెట్టుకుంటుంది. మిగతావి చెరిగిపోవు, కింద పడి ఉంటాయంతే. చాలామందికి నెలలు గడిచేకొద్దీ పాత మనిషి తిరిగొస్తాడు. మీకు ఇప్పటికే కొంత వచ్చినట్టుంది, లేకపోతే సైకిల్ సంగతి రాసేవారు కాదు. ఇంట్లో ఆయన మాట ఎత్తితే అమ్మ ఏడుస్తుందని అందరూ మౌనంగా ఉంటున్నారేమో చూసుకోండి. ఏడవనివ్వండి, మీరూ ఏడవండి, కానీ ఆయన గురించి మాట్లాడండి. ఆసుపత్రిలో తీసిన ఫొటోలు ఫోన్లోంచి వేరే చోటికి మార్చి, ఖాకీ బట్టల్లో ఉన్నది ఏదైనా ఉంటే పెద్దది చేయించండి.

ఏడాదికల్లా దుఃఖం పోవాలని లేదు. అయితే ఇంటి పని, ఉద్యోగం ఏదీ చేయలేకపోతున్నా, రోజంతా అదే ధ్యాసలో గడుస్తున్నా అది చికిత్స అవసరమైన స్థితి. ఆర్నెల్లు దాటినా అలాగే ఉంటే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఒక జబ్బుగానే గుర్తిస్తుంది. సైకియాట్రిస్ట్‌ను కలవడానికి సందేహించకండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

సంవత్సరీకం రోజున నాన్నగారితో డ్యూటీ చేసిన కండక్టర్లలో ఒకరిద్దరిని భోజనానికి పిలవండి. వర్షంలో బస్సు ఆగిపోయిన రాత్రి ఏం చేశారో, నైట్ హాల్ట్‌లో పడుకునే ముందు మీ గురించి ఏం చెప్పేవారో వాళ్లకు తెలిసి ఉంటుంది. అమ్మనూ పక్కనే కూర్చోబెట్టుకుని వినండి.