నదికి మందు పోయకండి, ముందు వల తీయండి

ప్రశ్న: మాది మత్స్యకారుల సంఘం. వరదకు సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేపలు కొన్నేళ్లుగా బాగా తగ్గిపోయాయి. వచ్చిన కొన్నీ ఆనకట్ట కిందే గుంపుగా తిరుగుతూ గుడ్లతోనే వలల్లో పడుతున్నాయి. నీటిలో రోగం ఉందని మందుల డీలర్ అంటున్నాడు. వేరే నది చేపల నుంచి తీసిన 2 లక్షల పిల్లలు ఇస్తానని ఓ ఏజెంటు వచ్చాడు. ఎన్ని వదలాలి? ముందు ఏ మందు వాడాలి?

జవాబు: ఏ మందూ వద్దు. పారే నదిలో మందు పోస్తే డబ్బు నీళ్లపాలే. రోగమైతే సాధారణంగా చచ్చిన చేపలు తేలతాయి, ఒంటిపై పుండ్లు కనిపిస్తాయి. అవేవీ మీరు రాయలేదు. అసలు జబ్బేమిటో మీ మూడో వాక్యంలోనే ఉంది. ఆనకట్ట ఎక్కలేక ఆగిపోయిన గుడ్ల చేపను మీరే పట్టేస్తున్నారు. ఎదురెక్కే రోజుల్లో ఆనకట్ట కింద వల వేయకూడదని ముందు సంఘంలో తీర్మానం చేయండి. చేపలు ఆనకట్ట ఎక్కి పైకి పోయేలా కట్టే చేపల మెట్ల కోసం మత్స్యశాఖకు అర్జీ పెట్టండి.

మెట్లు వచ్చేదాకా పెద్ద చేపలను ఎగువకు మోయవచ్చు. అమెరికాలోని సస్క్వెహానా నదిలో, ఇలాగే సముద్రం నుంచి ఎదురెక్కే షాడ్ చేపలను లిఫ్టుతో పట్టి, లారీల్లో ఆనకట్టల పైకి చేర్చారు. ట్యాంకు గుండ్రంగా ఉండాలి, మూలలుంటే చేప కొట్టుకుని పొలుసులు రాలతాయి. లీటరు నీటికి 5 గ్రాముల ఉప్పు, ఆపకుండా ఆక్సిజన్ ఇవ్వాలి. ఇదంతా శాఖ అనుమతితో, వారి మనుషులతోనే.

ఇక ఆ ఏజెంటు పిల్లల సంగతి. తీసుకోకండి. 1970ల్లో బయటి నుంచి తెచ్చిన సాల్మన్ పిల్లలతో నార్వే నదుల్లోకి గైరోడాక్టిలస్ సలారిస్ అనే పరాన్నజీవి వచ్చిపడింది. దాన్ని వదిలించడానికి చాలా నదుల్లో రొటెనోన్ అనే విషం పోసి, ఉన్న చేపలన్నింటినీ చంపాల్సి వచ్చింది. 1871లో అమెరికా తూర్పు తీరపు హడ్సన్ నది షాడ్‌ను పడమటి తీరపు శాక్రమెంటో నదిలో వదిలితే నిలదొక్కుకుంది కదా అని అతను వాదించవచ్చు. అక్కడ అంతకుముందు షాడే లేదు, పాడవడానికి సొంత వంగడమే లేదు. మీకుంది. దాన్ని కలుషితం చేసుకుంటే మళ్లీ ఎవరూ తెచ్చివ్వలేరు.

తప్పనిసరిగా పిల్లలను వదలాల్సి వస్తే మీ నది చేపల నుంచే తీయించండి. ఏటా కనీసం 25 ఆడ, 25 మగ పెద్ద చేపలు కొత్తగా కావాలి. హేచరీలో పెరిగిన చేపనే మళ్లీ తల్లిగా వాడకండి. అమెరికాలోని హుడ్ నదిలో స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ చేపల్లో ఇలా పెంచిన ఒక్కో తరానికి సంతాన సామర్థ్యం 40 శాతం దాకా పడిపోయింది. రోగపరీక్ష రిపోర్టు చేతికి రానిదే లోడు ఎక్కించవద్దు. రవాణాకు ముందు రోజంతా మేత ఆపాలి. సంచిలో మూడో వంతు నీరు, మిగతాది ఆక్సిజన్. నది దగ్గర సంచి విప్పకుండా 20-30 నిమిషాలు తేలనివ్వండి, తర్వాత నది నీటిని గ్లాసుతో కొద్దికొద్దిగా కలపండి. సాయంత్రం చల్లబడ్డాక, ఒడ్డు వెంట నాలుగైదు చోట్ల వదలండి. ఒకేచోట గుమ్మరిస్తే పెద్ద చేపలకు విందు పెట్టినట్టే.

మీరు చేప పేరు రాయలేదు, ఆనకట్ట ఎత్తూ రాయలేదు. రెండూ రాసి పంపండి. ఏజెంటుకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఈలోగా వెనక్కి అడగండి.