లెక్కలు టెన్త్‌తోనే వదిలేశాను, డేటా సైన్స్ వస్తుందా?

ప్రశ్న: బీకాం చదివి ఏడేళ్లుగా ఓ ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మా తమ్ముడు చెబితే అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్ల ‘డేటా 8’ అనే డేటా సైన్స్ కోర్సు పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవడం మొదలుపెట్టాను. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), టేబుల్స్ వరకు బాగానే సాగింది. ప్రాబబిలిటీ వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. ఇంటర్‌లో నాది సీఈసీ. ఇది నావల్ల అవుతుందా? సర్టిఫికెట్ లేకపోతే చదివిందంతా వృథానా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అవుతుందండీ. 2015లో బర్కిలీలో ఈ కోర్సు మొదలుపెట్టిందే అంతకుముందు ప్రోగ్రామింగ్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చదవని వాళ్ల కోసం. మీరు ఆగిన చోటే అసలు రుచి ఉంది, అక్కడ మానేయకండి.

అందులో వచ్చే స్వెయిన్ కేసు చూడండి. అలబామా రాష్ట్రం, టాలడీగా కౌంటీలో రాబర్ట్ స్వెయిన్ అనే నల్లజాతి యువకుడికి శిక్ష పడింది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1965లో తీర్పు వచ్చింది. అక్కడ జ్యూరీకి (కేసు విని దోషి అవునో కాదో తేల్చే మామూలు పౌరుల బృందానికి) అర్హులైన మగవాళ్లలో 26 శాతం నల్లజాతివాళ్లు, కానీ జ్యూరీ కోసం పిలిచిన దాదాపు 100 మందిలో వాళ్లు 8 మందే, చివరికి జ్యూరీలో కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేరు. ఆ తేడా పెద్దది కాదంది కోర్టు.

ఇప్పుడు మీరు ఫార్ములా ఏదీ పట్టుకోనక్కర్లేదు. 26 శాతం లెక్కన 100 మందిని లాటరీ తీసినట్టు తీయమని కంప్యూటర్‌కి చెప్పండి, అదే పని 10,000 సార్లు చేయించండి. ఎక్కువసార్లు 20కీ 32కీ మధ్య వస్తుంది, 8 అనేది దాదాపు కనిపించదు. అంటే ఆ 8 ఊరికే అలా జరిగిపోయింది కాదు. నాకైతే ప్రాబబిలిటీని ఇంత సూటిగా మనసుకెక్కించే పాఠం ఇంకోటి తెలియదు, అందులో ఓ మనిషి జీవితం కూడా ఉంది మరి.

అయితే వీడియో చూసి అర్థమైంది అనుకుంటే మాత్రం రాదు, ఆ కోడ్ మీ చేత్తో టైప్ చేయాలి, తప్పులు రావాలి, ముందు 10 సార్లు, తర్వాత 100, తర్వాత 10,000 నడిపి గ్రాఫ్ ఎలా మారుతుందో చూడాలి. ఆ తర్వాత మీ ఆఫీసు లెక్కలే తీసుకోండి (ఓనర్‌ని అడిగి, పార్టీల పేర్లు తీసేసి). గుంటూరు లైన్‌లో కంటే రేపల్లె లైన్‌లో బాకీలు ఆలస్యంగా వస్తున్నాయనిపిస్తోందనుకోండి, ఏ బిల్లు ఏ లైనుదో రాసిన చీటీలన్నీ కలిపేసి మళ్లీ పంచినట్టు కంప్యూటర్‌తో వెయ్యిసార్లు చేయించి, అలా కలగలిపినప్పుడు కూడా అంత తేడా వస్తోందా అని చూడండి. మామూలుగానే వస్తుంటే ఆ లైన్‌ని తప్పుపట్టడానికి లేదు. ఏడేళ్లుగా ఆ పార్టీలతో పనిచేస్తున్న మీకు తెలిసినంతగా ఆ లెక్కల సంగతి ఏ ఇంజినీరుకీ తెలియదు.

సర్టిఫికెట్ గురించి: ఈ కోర్సు పాఠ్యపుస్తకం మొత్తం వెబ్‌లో ఉచితం, ముందు అది పూర్తి చేయండి. కాగితం కావాలంటే మన ఎన్‌పీటెల్‌ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సులున్నాయి. పాఠాలు ఉచితమే, పరీక్షకు ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఇంకో మాట, డేటా 8లో వాడేది కొత్తవాళ్ల కోసం తేలిక చేసిన టేబుల్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్), ఉద్యోగాల్లో అడిగేది పాండాస్ అనే ఇంకో పైథాన్ లైబ్రరీ. కోర్సయ్యాక అదే బాకీల లెక్కని పాండాస్‌లో మళ్లీ చేయండి, ఇంటర్వ్యూలో చూపించడానికి మీ దగ్గర ఓ సొంత పని ఉంటుంది.