ఫ్రీమాంట్‌లో ఉండే ప్రైవేటు పైలట్‌కు ఏ ఎయిర్‌పోర్టు, ఏ అద్దె విమానం?

టెక్సాస్‌లో లైసెన్సు తెచ్చుకుని, ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చానని రాశారు. చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులైన పాలో ఆల్టో, హేవర్డ్, రీడ్-హిల్‌వ్యూ, లివర్‌మోర్‌లలో విమానం అద్దెకు ఎక్కడ చవక అని అడిగారు. వేసవిలో విజయవాడ నుంచి వచ్చే అత్తమామలకు ఆకాశం నుంచి బే ఏరియా చూపించాలన్న కోరికా చెప్పారు. నేను ఇక్కడ చాలా ఏళ్లుగా అద్దె విమానాలే నడుపుతున్నాను. గంట రేటును ఆఖరున చూడమని నా సలహా. శనివారం పొద్దున మీకు విమానం దొరుకుతుందా, దొరికితే మబ్బు ఎగరనిస్తుందా అన్నవి ముందు తేల్చుకోండి. గంటకు ఇరవై డాలర్లు ఎక్కువైతే జేబుకే భారం. రెండు నెలలు విమానం ముట్టకుండా ఉండి, ఆ తర్వాత పెద్దవాళ్లను ఎక్కించుకోవడం అసలైన ప్రమాదం.

టెక్సాస్‌లో మీరు ఉరుములకు, ఎండకు అలవాటుపడి ఉంటారు. ఇక్కడ లెక్క వేరు. వేసవిలో రాత్రిపూట సముద్రం మీది నుంచి తక్కువ ఎత్తు మబ్బు గోల్డెన్ గేట్ గుండా లోపలికి వచ్చి బే అంతా కప్పేస్తుంది. చాలా రోజులు అది పదింటికో పదకొండింటికో గాని విడిపోదు. మీరు ఎనిమిదింటికి విమానం బుక్ చేసుకుని, పాలో ఆల్టోలో రెక్క కింద నిలబడి బూడిదరంగు ఆకాశాన్ని చూస్తూ ఉంటే, పది గంటలకు బుక్ చేసుకున్న మనిషి వచ్చి తాళం చెవి అడుగుతాడు. అదే సమయంలో కొండలకు అవతల ఉన్న లివర్‌మోర్‌లో తరచుగా ఎండ కాస్తూ ఉంటుంది. అక్కడికీ మబ్బు వచ్చే రోజులు లేకపోలేదు గాని, అవి తక్కువ, విడిపోవడమూ త్వరగానే. స్పెషల్ వీఎఫ్ఆర్, అంటే మామూలు హద్దుల కన్నా తక్కువ వాతావరణంలోనూ కంటితో చూస్తూ ఎగిరే అనుమతి అడిగి మబ్బు కింద నుంచి జారుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఇక్కడి కొండలు, గగనతలం ఇంకా తెలియని మనిషి ఆ పని చేయకూడదు. మబ్బులో పరికరాలు చూసి నడిపే అర్హత, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, తెచ్చుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. మీకు ఇంకా లేదు కాబట్టి మబ్బునే ప్రధానంగా లెక్కలోకి తీసుకోండి.

మీరు పాలో ఆల్టోనే మొదట రాశారు. డంబార్టన్ వంతెన దాటితే చాలు కాబట్టి ఎందుకు రాశారో అర్థమవుతుంది. అక్కడి రన్‌వే పొడవు 2,443 అడుగులు, వెడల్పు 70. నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172కు అది చాలు. అయితే పెద్ద రన్‌వేల మీద నేర్చుకుని, వేగం కాస్త ఎక్కువగా పట్టుకుని తేలుతూ దిగే అలవాటు ఉన్నవారికి చాలదు. పైగా నెత్తి మీద శాన్ ఫ్రాన్సిస్కో క్లాస్ బి (కంట్రోలర్ల అనుమతి లేనిదే వెళ్లకూడని గగనతలం), పక్కనే మాఫెట్ ఎయిర్‌ఫీల్డు, ఆ పక్కన శాన్ హోసే క్లాస్ సి (కంట్రోలర్లతో మాట కలిపాకే వెళ్లాల్సినది). ఎగిరిన మొదటి అయిదు నిమిషాల్లో చేతికి, నోటికి, కంటికి ఖాళీ ఉండదు. ఆరు నెలలు అక్కడ ఎగిరినవాళ్లు మంచి పైలట్లు అవుతారు, అది నేను కళ్లారా చూశాను. మొదటి ఆరు నెలలకు మాత్రం మీకు దాన్ని సిఫారసు చేయను.

హేవర్డ్ మీకు దగ్గరే, 880 హైవే మీద సూటిగా వెళ్లవచ్చు. పెద్ద రన్‌వే 5,694 అడుగులు, దాని పక్కనే ఒక చిన్నది. ఓక్లాండ్ క్లాస్ సి ఆనుకుని ఉంటుంది గాని టవర్ వాళ్లు సాయపడతారు. మబ్బు విషయంలో అది పాలో ఆల్టోకు తోబుట్టువే.

రీడ్-హిల్‌వ్యూ గురించి రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఎయిర్‌పోర్టు యజమాని అయిన శాంటా క్లారా కౌంటీ, చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం మీద 2021లో అధ్యయనం వచ్చాక, 2022 జనవరి 1 నుంచి సీసం కలిసిన ఇంధనం అమ్మకం ఆపేసింది. కాబట్టి అక్కడి విమానాన్ని తీసుకునేటప్పుడు, మీరు బయటి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి అక్కడ దిగేటప్పుడు కూడా, ఏ ఇంధనం వాడవచ్చో, ఆ విమానానికి దాని అనుమతిపత్రం ఉందో లేదో అడగాలి. రెండోది, ఈ ఎయిర్‌పోర్టును మూసేయాలన్న ఆలోచన కౌంటీకి చాలాకాలంగా ఉంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన గ్రాంట్ల షరతులు 2031 వరకు అడ్డున్నాయి. అద్దెకు తీసుకునే మీకు ఇది రేపటి సమస్య కాదు గాని, అక్కడి హ్యాంగర్లలో పెట్టుబడి పెట్టేవాళ్లు వెనకాడుతున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నేనైతే మీకు లివర్‌మోర్ అంటాను. 5,253 అడుగుల రన్‌వే, దానికి సమాంతరంగా 2,699 అడుగులది మరొకటి. పైన గగనతలం కాస్త వదులుగా ఉంటుంది, తూర్పున సెంట్రల్ వ్యాలీ విశాలంగా పరుచుకుని ఉంటుంది. ఫ్రీమాంట్ నుంచి 680 మీద శనివారం పొద్దున హాయిగా చేరుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం మాత్రం సునోల్ దగ్గర ట్రాఫిక్ ప్రాణం తీస్తుంది, ఆ వేళకు బుక్ చేయకండి. శివ-విష్ణు ఆలయం ఆ ఊళ్లోనే కాబట్టి ఇంట్లోవాళ్లు గుడికి, మీరు ఎయిర్‌పోర్టుకు వెళ్లి, మధ్యాహ్నం కలిసి ఇంటికి రావచ్చు. ఇది చిన్న విషయమని తీసిపారేయకండి. ఇంట్లో అభ్యంతరం లేని అలవాటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. లివర్‌మోర్‌కు ఉన్న లోపం వేసవి మధ్యాహ్నం. ఎండ 38 డిగ్రీలకు చేరినప్పుడు, ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 400 అడుగుల ఎత్తులోనే ఉన్నా, వేడికి గాలి పలచబడి, విమానం రెక్కలకు, ఇంజనుకు అది దాదాపు 3,300 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. గాలీ లేస్తుంది, తూర్పునున్న ఆల్టమాంట్ కనుమలో గాలిమరలు ఎందుకు పెట్టారో ఆ వేళ ఎగిరితే ఒంటికి తెలుస్తుంది.

ఇక విమానాలు అద్దెకిచ్చే ఫ్లయింగ్ క్లబ్బు సంగతి. చేరకముందే వాళ్ల బుకింగ్ క్యాలెండరు చూపించమనండి. రాబోయే మూడు వారాల శని, ఆదివారాల్లో ఖాళీలు ఎన్ని ఉన్నాయో మీ కళ్లతో చూడండి. ఒకే రకం విమానాలు కనీసం మూడైనా ఉన్న చోట చేరండి. నేను మొదట సభ్యుడిగా ఉన్న క్లబ్బులో రేటు చాలా తక్కువ, 172 మాత్రం ఒక్కటే. అది వార్షిక తనిఖీకి వెళ్లి, విడిభాగం కోసం ఎదురుచూస్తూ హ్యాంగర్‌లో కూర్చుంటే సభ్యులందరమూ నేల మీదే ఉన్నాం. నెలసరి రుసుము మాత్రం ఆగలేదు. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలన్నది చట్టం పెట్టిన కనీస హద్దు. చాలా క్లబ్బులు దాన్ని 60 రోజులకో 30 రోజులకో కుదించుకుంటాయి. అలా కుదించిన క్లబ్బును నేను ఎక్కువ నమ్ముతాను.

విమానం ఎలా ఎంచాలి? ఏడాదికోసారి తనిఖీ అన్ని విమానాలకూ తప్పనిసరి. వంద గంటల తనిఖీ సంగతి వేరు. డబ్బు తీసుకుని ప్రయాణికులను మోసినప్పుడు, శిక్షణకు తామే విమానాన్ని సమకూర్చినప్పుడు అది తప్పనిసరి. పైలట్‌కు ఊరికే అద్దెకు ఇచ్చేదానికి చట్టం దాన్ని అడగదు. కాబట్టి ‘మీరు వంద గంటల తనిఖీ చేయిస్తారా?’ అని సూటిగా అడగండి. తర్వాత పైలట్లు లోపాలు రాసే పుస్తకం తిరగేయండి. లోపాలే రాసి లేని పుస్తకం కన్నా, లోపం పక్కన మెకానిక్ సంతకం, తేదీ వెంటవెంటనే కనిపించే పుస్తకం మేలు. ‘ఎడమ బ్రేకు మెత్తగా ఉంది’ అన్న మాటను ముగ్గురు పైలట్లు మూడు వారాల్లో రాసి ఉండి, పక్కన గడి ఖాళీగా ఉంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సెస్నాలో కూర్చోగానే నేను మొదట చేసే పని ఇంజను వైపు చూడటం కాదు, సీటు కింద వేలు పెట్టడం. సీటు జరిగే పట్టాలకు వరుసగా రంధ్రాలుంటాయి, సీటు పిన్ను వాటిలో ఒకదానిలో దిగి నిలవాలి. ఏళ్ల వాడకంతో రంధ్రం కోలగా సాగిపోతుంది, పిన్ను కొస అరుగుతుంది. అప్పుడు టేకాఫ్‌లో ముక్కు పైకి లేవగానే సీటు వెనక్కి జారుతుంది. చేతిలోని యోక్‌ను, అంటే విమానం స్టీరింగును, వదలకుండానే మనిషి వెనక్కి జారితే విమానం ముక్కు ఇంకా పైకి లేస్తుంది. ఇలాంటి ప్రమాదాల వల్లే ఆ పట్టాలను తనిఖీ చేయాలని ఎఫ్ఏఏ ఆదేశం ఉంది, 2011లో దాన్ని సవరించి మళ్లీ ఇచ్చింది. కూర్చున్నాక సీటును ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపండి. ‘టక్’మని పడిందని నమ్మి ఊరుకోకండి.

సెస్నా కాక, రెక్క కింద ఉండే పైపర్ పీఏ-28 తీసుకుంటే మరో ప్రశ్న అడగాలి. 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర శిక్షణకు వాడే ఒక యారో (పీఏ-28లో ఒక రకం) విమానం రెక్క గాలిలో విడిపోయింది. ఆ తర్వాత ఎఫ్ఏఏ, చాలా పీఏ-28లకు వాటి వాడకపు గంటలను బట్టి, రెక్క బోల్టు రంధ్రాల్లో పగుళ్లున్నాయేమో ఎడ్డీ కరెంటు అనే విద్యుత్ పరీక్షతో చూడమంది. ఆ విమానానికి అది వర్తిస్తుందా, చేయించారా అన్నది లాగ్‌బుక్కులో ఉంటుంది. చూపించడానికి విసుక్కునేవారి దగ్గర అద్దెకు తీసుకోవద్దు.

మీ అవసరానికి నేను 172నే చెబుతాను. రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద ఉన్నదంతా కనిపిస్తుంది. రెండువైపులా తలుపులున్నాయి. పైపర్‌కు తలుపు ఒక్కటే, రెక్క మీదకు ఎక్కి దిగాలి. చీర కట్టుకున్న అత్తగారికి అది కష్టం.

బరువు మాత్రం కాగితం మీద వేసి చూడండి. 172ఎస్ గరిష్ఠ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు. ఖాళీ బరువు ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది, 1,690 అనుకుందాం. మీరు 180, మీ ఆవిడ 135, అత్తగారు 150, మామగారు 165, మొత్తం 630. మిగిలేది 230 పౌండ్లు. ట్యాంకులు నిండా నింపితే వాడదగిన ఇంధనం 53 గ్యాలన్లు, గ్యాలనుకు ఆరు పౌండ్ల చొప్పున 318. అంటే కుదరదు. ట్యాంకులో గుర్తు వరకు, 35 గ్యాలన్లు పోస్తే 210 పౌండ్లు. హెడ్‌సెట్లు, నీళ్ల సీసాలు కలిపితే సరిగ్గా అంచున ఉంటారు. నాలుగు సీట్లున్నంత మాత్రాన నలుగురు పెద్దవాళ్ల విమానం కాదది.

డబ్బు విషయం క్లుప్తంగా. ఇక్కడ 172కు గంటకు 150 డాలర్ల నుంచి 200 దాటే వరకు అడుగుతారు. రెండు రేట్లు పోల్చే ముందు ఇంధనం కలిపి చెప్పారా లేదా, విమానంలోని రెండు మీటర్లలో దేన్ని బట్టి లెక్కిస్తారు, హాబ్స్ గంటలా టాక్ గంటలా అని చూడండి. హాబ్స్ గడియారం మామూలు గడియారంలా తిరుగుతుంది, టాక్ ఇంజను వేగాన్ని బట్టి తిరుగుతుంది. హాబ్స్‌లో 1.2 గంటలైన ప్రయాణం టాక్‌లో ఇంచుమించు ఒక గంట చూపిస్తుంది. బీమా కూడా మీదే ఉండాలి. క్లబ్బు బీమా క్లబ్బును కాపాడుతుంది. విమానం దెబ్బతింటే వాళ్లకు డబ్బిచ్చిన బీమా కంపెనీ, ఆ డబ్బు కోసం మీ మీదకు రావచ్చు. అద్దెకు తీసుకునే పైలట్ల కోసం విడిగా పాలసీలున్నాయి. అందులో ఇతరులకు జరిగే నష్టంతో పాటు అద్దె విమానానికి జరిగే నష్టమూ ఉండేలా తీసుకోండి.

అత్తమామల ప్రయాణాన్ని రెండు విడతలు చేయండి. ఒక్కొక్కరిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటే బరువూ తగ్గుతుంది, వాళ్లకు చూపూ దక్కుతుంది. పొద్దున తొమ్మిది, పది మధ్య బయల్దేరండి, అప్పటికి గాలి ఇంకా లేవదు. మొదటిసారి అరగంట చాలు. లివర్‌మోర్ నుంచి గాలిమరల దాకా వెళ్లి, కాలవెరాస్ జలాశయం మీదుగా తిరిగి రండి. గోల్డెన్ గేట్ చూపించే ప్రయాణంలో కంట్రోలర్లతో మాట ఎక్కువ. అది మీరు ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి వచ్చాకే. అలాగే చెక్‌అవుట్ రోజున, అంటే అద్దెకిచ్చే ముందు క్లబ్బు ఇన్‌స్ట్రక్టర్ మీతో ఎగిరి పరీక్షించే రోజున, క్లబ్బు ఒప్పుకుంటే, వెనక సీట్లో మీ ఆవిడను కూర్చోబెట్టి రెండు మూడు ల్యాండింగ్‌లు చేయండి. వెనక బరువున్న 172 దిగేటప్పుడు చేతికి వేరేగా ఉంటుంది, అది ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగానే తెలియడం మంచిది.