మట్టిలో నీరు, నేల కుంగుబాటు: సివిల్ విద్యార్థికి ఈ మోడలింగ్ దారి ఎలా ఉంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ సివిల్ మూడో ఏడాది చదువుతోంది. సాయిల్ మెకానిక్స్ అంటే ఇష్టం, పైథాన్ కూడా వచ్చు. మట్టిలో నీటి ప్రవాహాన్ని, నేల కుంగుబాటును కలిపి కంప్యూటర్‌లో మోడల్ చేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? ఇప్పుడే ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: సాఫ్ట్‌వేర్ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. మట్టి మోడలింగ్‌కు వాడే ప్లాక్సిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో బటన్లు ఎక్కడున్నాయో నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. అది చూపించిన అంకె నమ్మదగ్గదో కాదో చెప్పగలిగినవాళ్లకే ఈ రంగంలో విలువ.

మెత్తటి బంకమట్టి మీద కట్ట పోస్తే ఆ బరువును మొదట మోసేది మట్టి రేణువులు కాదు, వాటి మధ్య ఇరుక్కున్న నీరు. ఆ నీరు మెల్లగా బయటికి పోయేకొద్దీ బరువు రేణువుల మీద పడుతుంది, నేల కుంగుతుంది. దీన్నే కన్సాలిడేషన్ అంటారు. సాయిల్ మెకానిక్స్‌కు పునాది వేసిన ఇంజనీరు టెర్జాగీ 1923లో దీన్ని ఒక దిశకు లెక్క కట్టాడు. బయో అనే శాస్త్రవేత్త 1941లో మూడు దిశలకూ విస్తరించాడు. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న మోడలింగ్‌కు పునాది ఈ రెండే.

కాలేజీ ల్యాబ్‌లో ఈడోమీటర్ ఉంటుంది, మట్టి నమూనాను నొక్కి ఎంత కుంగుతుందో కొలిచే పరికరం. అందులో పెట్టే నమూనా మందం 20 మిల్లీమీటర్లు. ఆ మట్టి కన్సాలిడేషన్ గుణకం, అంటే ఈ కుంగుబాటు ఎంత వేగంగా సాగుతుందో చెప్పే అంకె, ఏడాదికి 2 చదరపు మీటర్లు అనుకుందాం. నీరు పైకీ కిందికీ పోగలిగితే 90 శాతం కన్సాలిడేషన్ 22 నిమిషాల్లో అయిపోతుంది. అదే మట్టి సైట్‌లో 10 మీటర్ల మందాన ఉండి, పైనా కిందా ఇసుక ఉంటే పదిన్నరేళ్లు పడుతుంది. కింద ఇసుకకు బదులు నీరు దిగని రాయి ఉంటే 42 ఏళ్లు! నీరు నడిచే దారి రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది మరి. అందుకే బోర్‌హోల్ లాగ్‌లో (బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏ మట్టి వచ్చిందో రాసుకున్న పట్టిక) ఒక పలుచని ఇసుక పొరను చూడకపోతే, మోడల్ ఎంత గొప్పదైనా జవాబు తప్పే. ఓడరేవుల్లో, హైవే కట్టల కింద మీటరు, మీటరున్నర దూరంలో నిలువు డ్రెయిన్లు దించేది కూడా ఈ దారిని తగ్గించడానికే.

ఈ లెక్కనే ఆమెను పైథాన్‌లో రాయమనండి. ఆ 10 మీటర్ల పొరను 20 ఎలిమెంట్లుగా (చిన్న ముక్కలుగా) విడగొట్టి, వచ్చిన నీటి పీడనాలను టెర్జాగీ జవాబుతో పోల్చాలి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం, ఎంత చిన్నదైతే అంత మంచిదనుకుంటారు. ఈ మెష్‌లో (ముక్కల అల్లికలో) ఎలిమెంట్ అర మీటరు కాబట్టి, మొదటి స్టెప్ దాదాపు ఎనిమిది రోజులకన్నా తగ్గితే, నీరు బయటికి పోయే అంచు దగ్గర పీడనం పైకీ కిందికీ ఊగుతుంది, వేసిన బరువును కూడా దాటిపోతుంది. అది మట్టి గుణం కాదు, లెక్క లోపం. చిన్న స్టెప్ కావాలంటే ఆ అంచు దగ్గర మెష్‌ను సన్నం చేయాలి. యూనిట్లదీ ఇదే బాధ: పర్మియబిలిటీని (మట్టిలోంచి నీరు ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకెను) సెకన్ల లెక్కన, కన్సాలిడేషన్ గుణకాన్ని ఏళ్ల లెక్కన ఇస్తారు. ఏడాదికి సుమారు 3.15 కోట్ల సెకన్లు. ఒక్కచోట మరిచిపోతే అంతా గల్లంతు.

ఆ తర్వాత బయో సమీకరణాలు. మట్టి కదలికకు (స్థానభ్రంశానికి) క్వాడ్రాటిక్, అంటే వంపు తిరిగే, ఎలిమెంట్లు, పీడనానికి లీనియర్, అంటే సరళరేఖలో మారే, ఎలిమెంట్లు వాడితే ఊగిసలాట చాలావరకు పోతుంది. కోడ్ పరీక్షకు మాండెల్ సమస్య తీసుకోవాలి, జవాబు ముందే తెలిసిన ఒక ప్రామాణిక లెక్క అది. అందులో నమూనా మధ్యలో పీడనం తగ్గే ముందు కాసేపు పెరుగుతుంది. కోడ్‌లో ఆ పెరుగుదల కనిపించకపోతే నీరూ మట్టీ సరిగా కలవలేదన్నమాట. ఇందుకు ఫెనిక్స్, ఓపెన్‌జియోసిస్ లాంటి ఉచిత సాధనాలు చాలు.

చదువుకు ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌ను సివిల్ పేపర్‌తో రాసి జియోటెక్నికల్ ఎంటెక్ చేయాలి. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్, ఎన్ఐటీ వరంగల్ చూడండి. సీటు తీసుకునే ముందు రెండు అడగాలి: ఫైనైట్ ఎలిమెంట్ (పైన చెప్పిన ముక్కలుగా విడగొట్టి లెక్కకట్టే పద్ధతి) ఎలెక్టివ్ ఉందా, థీసిస్‌కు ల్యాబ్ లేదా సైట్ డేటా దొరుకుతుందా? రెండోది లేకపోతే ఆ సీటు గురించి మళ్లీ ఆలోచించండి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. మన దేశంలో మోడలింగ్ ఒక్కటే పనిగా ఉండే కొలువులు తక్కువ. మెట్రో, ఓడరేవు, ఆనకట్టల డిజైన్ చేసే కన్సల్టెన్సీల్లో చేరితే మొదటి ఏళ్లలో బోర్‌హోల్ రిపోర్టులు, సీపేజ్ (మట్టిలోంచి నీరు ఊరడం) లెక్కలే ఎక్కువ. పోలవరంలో గోదావరి అడుగున ఇసుక లోతుగా ఉంది కాబట్టే ఆనకట్ట కింద నీరు ఊరకుండా ఆపే డయాఫ్రం వాల్ అనే భూగర్భ గోడ అవసరమైంది. అలాంటి నిర్ణయాలు ఈ లెక్కల మీదే నడుస్తాయి. బ్రెజిల్‌లో 2019లో బ్రుమాడిన్యో గని వ్యర్థాల కట్ట తెగాక, అలాంటి కట్టల భద్రత మీద ప్రపంచమంతా శ్రద్ధ పెరిగింది. పరిశోధన వైపు వెళ్లాలంటే పీహెచ్‌డీ తప్పదు.

ఈ వేసవిలో కోర్సు కాకుండా, మట్టి పరీక్షలు చేసే సంస్థలో నెల రోజుల ఇంటర్న్‌షిప్ చూడండి. బోరు వేసే రిగ్ పక్కన నిలబడి నమూనా ట్యూబ్‌లోంచి వచ్చిన మట్టిని ఆమె తన చేత్తో విరిచి, లోపల ఇసుక చార ఉందో లేదో చూడాలి.