రింగులో గెలవాల్సిన అబ్బాయికి రీల్స్ ఎంతవరకు అవసరం?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నాలుగేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు, రాష్ట్ర స్థాయి పోటీల్లో కాంస్యం గెలిచాడు. ఈ మధ్య జిమ్‌లో కోచ్ గారు "ఈ రోజుల్లో ఆట ఒక్కటే ఉంటే సరిపోదు, పేరు కూడా రావాలి" అంటూ రోజూ రీల్స్ చేయిస్తున్నారు. వేరే జిమ్ కుర్రాళ్లను పేరు పెట్టి సవాలు చేయమంటున్నారు. ప్రచారమూ ప్రొఫెషనల్ బౌట్లూ చూసుకునే మేనేజర్ ఒకరు ఉన్నారనీ, ఆయనతో మూడేళ్ల ఒప్పందం రాసుకుని ముందుగా 60 వేలు కట్టాలనీ చెబుతున్నారు. ఇవన్నీ లేకపోతే ఈ ఆటలో నిజంగానే పైకి రాలేరా? వాడి వీడియోలు కొన్ని పంపుతున్నాను, చూసి చెప్పండి.
గాజువాక నుంచి ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీ అబ్బాయి ఇప్పుడున్న దశలో ఈ హడావుడి అవసరం లేదు. ఎప్పటికీ అవసరం రాదని మాత్రం నేను చెప్పలేను, ఎందుకంటే ఈ ఆటల్లో రెండు దారులున్నాయి. ప్రొఫెషనల్ దారిలో ఆటగాడికి డబ్బు వచ్చేది ప్రేక్షకుడి జేబులోంచి. పతకాల కోసం ఆడే అమెచ్యూర్ దారిలో హాలు ఖాళీగా ఉన్నా ఆటగాడి ఎంపిక ఆగదు, ఉద్యోగం ఆగదు. కోచ్ గారు మొదటి దారిలో చెల్లే నియమాన్ని తెచ్చి, రెండో దారిలో ఇంకా సగం దూరం కూడా నడవని పిల్లవాడి మీద పెడుతున్నారు.

ముందు మీ అబ్బాయి ఉన్న దారి సంగతి చూద్దాం. జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, జాతీయ పోటీలు, అక్కడ రాణిస్తే జాతీయ శిబిరం, ఆ తర్వాత సెలెక్షన్లు, చివరికి భారత జట్టు, ఇదీ వరుస. పోటీ రోజు పొద్దున్నే బరువు చూస్తారు, వైద్య పరీక్ష చేస్తారు, ఆ తర్వాత రింగు చుట్టూ కూర్చున్న ఐదుగురు జడ్జీలు రౌండుకు పది పాయింట్ల పద్ధతిలో (రౌండు గెలిచినవాడికి పది, ఎదుటివాడికి అంతకంటే తక్కువ) మార్కులు వేస్తారు. శుభ్రంగా తగిలిన దెబ్బలెన్ని, రౌండును తన చేతిలో ఉంచుకున్నది ఎవరు అన్నవే వారు చూసేవి. ఎదుటి కుర్రాడిని నిన్న ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరు ఎంత గట్టిగా తిట్టారన్నది ఏ జడ్జి కాగితం మీదా ఉండదు.

డబ్బు విషయంలోనూ అంతే. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన క్రీడాకారులకు శిక్షణ ఖర్చులు కాక చేతి ఖర్చులకు నెలకు 10,000 రూపాయలు ఇస్తారు. ఒలింపిక్ పతకావకాశాలు ఉన్నవారి కోసం 2014లో మొదలైన టాప్స్ పథకంలో ప్రధాన బృందానికి నెలకు 50,000 రూపాయల భత్యం ఉంది. రైల్వే, పోలీసు, సైన్యం, ప్రభుత్వ రంగ సంస్థల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలన్నీ పోటీల సర్టిఫికెట్ల మీద నడిచేవే. కేంద్ర ప్రభుత్వం స్పోర్ట్స్ కోటాకు అర్హమైన ఆటల జాబితాను 2020లో 43 నుంచి 63కు పెంచింది. బాక్సింగ్, కుస్తీ, జూడో, తైక్వాండో ముందు నుంచే అందులో ఉన్నాయి, ఊషూ, కుడో అనే యుద్ధ క్రీడలు అప్పుడు చేరాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందా ఉండదా అన్న అనుమానం కూడా 2025 మార్చిలో తీరిపోయింది, ఉంటుందని ఖాయమైంది. అందుచేత ఈ దారి మూసుకుపోతోందని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే నమ్మకండి.

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో తుర్కియేలో ప్రపంచ జూనియర్ స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు పదిహేనేళ్లు నిండలేదు. ఆ పతకం తర్వాత కూడా చాలాకాలం ఆమె పేరు తెలుగు రాష్ట్రాల బయట పెద్దగా వినిపించలేదు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్స్ (ఎంపిక బౌట్లు) పెట్టకుండానే మేరీ కోమ్‌ను పంపే ఆలోచన జరుగుతున్నప్పుడు, తనకూ న్యాయంగా ఒక అవకాశం ఇవ్వాలని ఆమె క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాశారు. దేశమంతా ఆమె పేరు విన్నది అప్పుడే. ఆ డిసెంబర్‌లో జరిగిన ట్రయల్‌లో నిఖత్ మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడిపోయారు. చెప్పొచ్చేదేమిటంటే, ఆ లేఖ ఆమెకు ఒక బౌట్ ఆడే హక్కును తెచ్చిపెట్టింది, గెలుపును మాత్రం తేలేకపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ స్వర్ణాలు తెచ్చినవి ఆమె చేతులే. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది ఆ పతకాలను చూసే. మీ అబ్బాయి ఎప్పుడైనా గొంతెత్తవలసి వస్తే ఆమె ఎత్తిన తీరులో ఎత్తమనండి. తన హక్కు ఏమిటో చెప్పుకోవడంలో తప్పు లేదు, దానికి ఎదుటివారిని కించపరచాల్సిన పని లేదు.

అదే నిజామాబాద్ నుంచి వచ్చిన మహమ్మద్ హుసాముద్దీన్ రెండు కామన్వెల్త్ కాంస్యాలు, 2023లో తాష్కెంట్‌లో ప్రపంచ కాంస్యం గెలిచారు. మీ విశాఖకే చెందిన ఎన్. ఉష 2006లోనూ 2008లోనూ ప్రపంచ పోటీల్లో రజతాలు సాధించారు. ఈ పేర్లు మీ వీధిలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి. తెలియకపోతే ఆ లోపం ఈ ఆటగాళ్లది కాదు. ప్రపంచ స్థాయిలో రెండో స్థానంలో నిలిచిన మన ఊరి ఆడపిల్ల కథను మన వార్తాపత్రికలు, చానళ్లు ఇంటింటికీ చేర్చలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆటకు మీడియా కావాలా అని అడిగితే, ఆ అర్థంలో తప్పకుండా కావాలి. ఉషను చూసి ఇంకో పది మంది ఆడపిల్లలు గ్లోవ్స్ వేసుకోవాలంటే ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలి, చూపించాలి. అయితే ఆ పని చేయవలసింది పత్రికలు, ఫెడరేషన్, ప్రభుత్వం. పదిహేడేళ్ల పిల్లవాడు తన సాధన వేళల్లోంచి సమయం తీసి చేయవలసిన పని కాదది.

ఇక ప్రొఫెషనల్ దారి. ఇక్కడ కోచ్ గారి మాటలో నిజం ఉంది, దాన్ని దాచి మీకు సలహా చెప్పడం సరికాదు. బ్రిటన్‌లోని చిన్న హాళ్లలో ఆడే బాక్సర్లలో చాలామందికి వారు సొంతంగా అమ్మిన టికెట్లను బట్టే డబ్బు ముడుతుంది. బంధువులూ స్నేహితులూ టికెట్లు కొనకపోతే ఆ రాత్రి ఆటకు అర్థమే లేదు. పెద్ద స్థాయిలో, టీవీలో ఒక్క పోటీ చూడడానికి ప్రేక్షకులు విడిగా కట్టే డబ్బే ఆదాయం. అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఆ తర్వాత పదేళ్లపాటు ఓటమి లేకుండా ఆడినా, ఆయన పేరు అసలు మోగింది 2007లో అప్పటి పెద్ద స్టార్ బాక్సర్ ఆస్కార్ డి లా హోయాతో తలపడినప్పుడే. ఆ పోటీని 24 లక్షల ఇళ్లలో డబ్బు కట్టి చూశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన నోట్ల కట్టలు చూపించే గర్విష్ఠి వేషం కట్టడం మొదలుపెట్టారు, ఆయన ఓడిపోతే చూడాలన్న కోరికతో కూడా లక్షల మంది డబ్బు కట్టారు.

దీనికి రెండో వైపు డెమెట్రియస్ జాన్సన్. బాక్సింగ్, కుస్తీ లాంటివన్నీ కలిపి ఆడే ఎంఎంఏలో అతి పెద్ద సంస్థ అయిన యూఎఫ్‌సీలో ఆయన తన టైటిల్‌ను వరుసగా 11 సార్లు నిలబెట్టుకున్నారు. అప్పటిదాకా ఎవరూ చేయని పని అది. నైపుణ్యంలో ఆయనకు వంక పెట్టినవారు లేరు. మాటల్లో మర్యాద, బరువు విభాగం చిన్నది, గొడవలు లేవు, టికెట్ల అమ్మకాలు కూడా పెద్దగా లేవు. 2018లో టైటిల్ ఒక్కసారి చేజారగానే ఆ సంస్థ ఆయనను ఆసియాలోని మరో సంస్థకు పంపి, బదులుగా అక్కడి ఆటగాడిని తెచ్చుకుంది. ఇది అన్యాయమని నేను అనుకుంటాను. కానీ ఆ వ్యాపారం నడిచే తీరు అదే. మీ అబ్బాయి ఏదో ఒక రోజు అటువైపు వెళితే ఈ సంగతి తెలిసే వెళ్లాలి.

అయితే కోచ్ గారు చెప్పని విషయం ఒకటుంది. నోటితో పేరు తెచ్చుకున్న పెద్దవాళ్లందరూ ముందు చేతులతో తెచ్చుకున్నారు. ముహమ్మద్ అలీ 1961లో లాస్ వేగాస్‌లో గార్జియస్ జార్జ్ అనే రెజ్లర్‌ను కలిసి, జనం తిట్టుకుంటూనే టికెట్లు కొంటారన్న రహస్యం నేర్చుకున్నారు. కానీ అంతకు ముందు ఏడాదే ఆయన రోమ్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచి వచ్చారు. మన దేశంలో విజేందర్ సింగ్‌ను 2015లో బ్రిటన్ ప్రమోటర్ (పోటీలు ఏర్పాటు చేసి అమ్మే వ్యాపారి) పిలిచి ఒప్పందం చేసుకున్నది 2008 బీజింగ్ కాంస్యం చూసి. పతకం ఉన్నవాడి దగ్గరికి ప్రమోటరే వస్తాడు, తన డబ్బు పెట్టుబడి పెడతాడు. పతకం ఇంకా రాని పిల్లవాడి దగ్గర 60 వేలు ముందుగా అడిగే మనిషి చేస్తున్న వ్యాపారం ఏమిటో మీరే ఆలోచించండి.

కవ్వింపు మాటలు ఎక్కడిదాకా వెళతాయో కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్‌లో ఎంఎంఏ ఆటగాడు కోనర్ మెక్‌గ్రెగర్, ప్రత్యర్థి ఖబీబ్ నుర్మగొమెదోవ్‌తో గొడవలో, అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఆటగాళ్లు కూర్చున్న బస్సు మీదికి ఇనుప ట్రాలీ విసిరితే అద్దం పగిలి ఇద్దరు గాయపడ్డారు, వారం చివర ఆడవలసిన పోటీలు వారు ఆడలేకపోయారు. ఆ ఇద్దరికీ ఆ గొడవతో సంబంధమే లేదు. నిర్వాహకులు ఆ దృశ్యాలనే తర్వాతి పోటీ ప్రచారానికి వాడుకున్నారు. అక్టోబర్‌లో మెక్‌గ్రెగర్, ఖబీబ్ పోటీ అమ్మకాల్లో రికార్డు సృష్టించింది, పోటీ ముగిసిన మరుక్షణం ఖబీబ్ కంచె దూకి ఎదుటి బృందం మీద పడ్డారు. పోటీ జరిగిన నెవాడా రాష్ట్రంలో ఆటలను నియంత్రించే కమిషన్ ఆయనకు 5 లక్షల డాలర్ల జరిమానా, తొమ్మిది నెలల నిషేధం విధించింది. కోట్ల డాలర్లు సంపాదిస్తున్నవాళ్లు ఆ నష్టాన్ని తట్టుకున్నారు. గాజువాక కుర్రాడు పేరు పెట్టి సవాలు చేసిన ఇంకో కుర్రాడు బస్టాండులో ఎదురైతే, మాట పెరిగి పోలీసు కేసు నమోదైతే, రేపు పోలీసు శాఖలోనో సైన్యంలోనో ఉద్యోగానికి ప్రవర్తన విచారణ జరిగినప్పుడు ఆ కేసు వివరం రాయవలసి వస్తుంది. స్పోర్ట్స్ కోటా మీదే ఆశ పెట్టుకున్న కుటుంబం ఈ ప్రమాదం తెచ్చుకోకూడదు.

మీరు పంపిన వీడియోలు ఒకటికి నాలుగుసార్లు చూశాను. రీల్స్‌లో మీ అబ్బాయి కోచ్ పట్టుకున్న ప్యాడ్స్ మీద కొట్టేటప్పుడు కుడి పంచ్ వేసిన ప్రతిసారీ ఎడమ చేయి గడ్డం దగ్గర నుంచి ఛాతీ దాకా జారిపోతోంది, ఎందుకంటే ముఖం కెమెరాకు కనబడాలి. మూడు నాలుగు దెబ్బలు పడగానే తల ఫోన్ వైపు తిరుగుతోంది. తర్వాత రాష్ట్ర పోటీల సెమీఫైనల్ వీడియో చూస్తే, రెండో రౌండులో ఎదుటి అబ్బాయి కొట్టిన కుడి పంచ్‌లలో ఎక్కువ భాగం తగిలింది ఆ ఖాళీలోంచే. రోజూ గంటసేపు ఏది చేస్తామో శరీరం దాన్నే నేర్చుకుంటుంది. ఈ రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి మీ అబ్బాయికి చూపించండి. మీరు చెప్పే మాటకన్నా అది వాడికి సూటిగా తగులుతుంది.

ఫోన్ పూర్తిగా లాక్కోమని నేను చెప్పడం లేదు. ప్రతి బౌట్‌నూ మొదటి గంట మోగినప్పటి నుంచి చివరి గంట మోగేదాకా కత్తిరించకుండా తీయించండి, తేదీ, పోటీ పేరు, బరువు విభాగం, ఫలితం రాసి, ఓడిన బౌట్లతో సహా భద్రపరచండి. రేపు సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) శిక్షణ కేంద్రంలోనో మంచి అకాడమీలోనో కోచ్ చూడాలనుకునేది ఆ వీడియోలే. సర్టిఫికెట్లు, వైద్య పరీక్షల పుస్తకం ఒకే ఫైల్లో ఉంచండి. గెలిచినప్పుడు ఊరి విలేఖరికి ఫొటో, నాలుగు వాక్యాల వివరం పంపండి, అది గొప్పలు చెప్పుకోవడం కిందికి రాదు. హిందీ, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడడం ఇప్పటి నుంచే నేర్పించండి, జాతీయ శిబిరంలో కోచ్‌తో మాట్లాడడానికైనా, ఆ తర్వాత ప్రొఫెషనల్ అయితే మైకు ముందు నిలబడడానికైనా పనికివస్తుంది. సవాలు చేసిన రీల్స్ మాత్రం ఈ రోజే తీసేయించండి.

ఒప్పందం సంగతి చివరగా. మీ అబ్బాయికి పద్దెనిమిది నిండలేదు, మన చట్టం ప్రకారం మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు. అందుకే ఆ కాగితం మీద మీ సంతకమో, మీ వారి సంతకమో అడుగుతారు. చేయకండి. కాగితం నకలు మాత్రం అడిగి తీసుకోండి, ఇస్తే ఒక న్యాయవాదికి చూపించండి. ప్రొఫెషనల్ బౌట్ ఆడితే అమెచ్యూర్ పోటీలకు అర్హత ఏమవుతుందో రాష్ట్ర బాక్సింగ్ సంఘాన్ని రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు చేతికి వచ్చేదాకా ఎంత చిన్న ప్రొఫెషనల్ పోటీ అయినా సరే దింపవద్దు. ఆ 60 వేలు అలాగే ఉంచితే జాతీయ పోటీలకు రైలు ఖర్చులు, మంచి గ్లోవ్స్, హెడ్‌గార్డ్, ఏడాది పాటు గుడ్లు, పాలు వస్తాయి. ఇంటర్ పరీక్షలు అయిపోగానే వచ్చే సెలెక్షన్ల తేదీలు ఇప్పుడే తెలుసుకుని, ఆ ఎడమ చేతి లోపం సరిచేయడానికి ఈ నాలుగు నెలలూ ఏం చేయిస్తారో కోచ్ గారిని అడగండి. ఆయన దానికి స్పష్టమైన ప్రణాళిక చెబితే అదే జిమ్‌లో కొనసాగించండి, చెప్పలేకపోతే మీ చుట్టుపక్కల ఇంకో కోచ్‌ను చూడండి.