20 సూర్యుల నక్షత్రానికి కోటి ఏళ్లు ఎందుకు వస్తున్నాయి? – సమాధానం

చీకటి మేఘంలో, అంటే నక్షత్రాలు పుట్టే చల్లని, దట్టమైన వాయు, ధూళి మేఘంలో, 20 సూర్య ద్రవ్యరాశుల నక్షత్రం ఏర్పడటానికి లెక్కలో కోటి ఏళ్లకు పైగా వస్తోందని, అది తప్పేమోనని, పైగా నక్షత్రం కాంతి పీడనం (కాంతి బయటికి నెట్టే బలం) లోపలికి పడే వాయువును ఆపేయదా అని మీరు అడిగారు. అంత కాలం రావడానికి కారణం, లెక్కలో 10 కెల్విన్ వాయువు ఉష్ణ వేగాన్ని (వేడి వల్ల అణువులు కదిలే వేగాన్ని), అంటే సెకనుకు 0.2 కిలోమీటర్లను మాత్రమే తీసుకోవడం కావచ్చు. అంత కాలంలో అలాంటి నక్షత్రం తన జీవితాన్నే దాదాపు ముగించుకుంటుంది కనుక మీ అనుమానం సరైనదే.

1. ఉష్ణ వేగానికి బదులు, మేఘంలోని అమ్మోనియా వర్ణపట రేఖ (ఆ వాయువు ఒక నిర్దిష్ట పౌనఃపున్యం దగ్గర ఇచ్చే సంకేతం, వాయువు కదలికల వల్ల ఇది వెడల్పవుతుంది) వెడల్పు నుంచి వచ్చే వేగాన్ని వాడండి. ఆ వెడల్పులో అల్లకల్లోల చలనం కూడా కలిసి ఉంటుంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: రేఖ సగం ఎత్తు దగ్గర కొలిచిన పూర్తి వెడల్పును నేరుగా వేగంగా తీసుకోకూడదు, దాన్ని 2.355తో భాగించాలి. ద్రవ్యం చేరే రేటు వేగ ఘనాన్ని గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే వస్తుంది కాబట్టి, ఇక్కడ జరిగే పొరపాటు ఆ రేటును సుమారు 13 రెట్లు పెంచేస్తుంది.

3. ఉదాహరణకు వెడల్పు సెకనుకు 2.4 కిలోమీటర్లయితే వేగం సెకనుకు సుమారు 1 కిలోమీటరు. అప్పుడు ఏడాదికి సూర్య ద్రవ్యరాశిలో దాదాపు 4,000వ వంతు చేరుతుంది, కాలం 80 వేల ఏళ్ల దరిదాపులకు దిగుతుంది.

4. కాంతి పీడనం ఈ ప్రవాహాన్ని ఆపేస్తుందన్న మీ రెండో సందేహం, వాయువు అన్ని దిక్కుల నుంచీ సమానంగా పడుతుందనుకుంటేనే బలంగా నిలుస్తుంది. నిజానికి ద్రవ్యం పళ్లెంలాంటి చక్రం గుండా లోపలికి చేరుతుండగా, కాంతిలో అధిక భాగం ధ్రువాల వైపు ఖాళీల గుండా బయటపడుతుంది.