అమ్ములూ, వైఫై ఛానల్ మూడు జోలికి పోకు

అమ్ములూ,

ఉద్యోగం చేసుకుంటూనే జూన్ నెలంతా వ్యాన్‌లో అమెరికాలోని యూటా, వయోమింగ్ రాష్ట్రాలు తిరుగుతానన్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల ఒక్కర్తే అంత దూరం బండి నడుపుకుంటూ వెళ్తోందంటే నాకెంత గర్వంగా ఉందో! ఆ సంతోషంతో పాటు భయం కూడా పట్టుకుంది. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారగానే ఇది రాస్తున్నాను.

క్యాంప్‌గ్రౌండ్‌లో వైఫై ఉంటుందిలే అన్నావట. ఆఫీసు గది ముందు బాగానే ఉంటుంది. సాయంత్రం అందరూ బళ్లు ఆపుకుని సినిమాలు పెట్టుకునే వేళకి నువ్వు బండి ఆపుకునే సైటు దాకా ఏమీ రాదు. దాన్ని నమ్ముకుని మీటింగులు ఒప్పుకోకు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకో. ప్లాన్ అన్‌లిమిటెడ్ అయినా హాట్‌స్పాట్‌కి వేరే లెక్క ఉంటుంది, అదెంతో ముందే చూసుకో. మ్యాపులు ఇంటి దగ్గరే దించుకో. యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఉండే రోజులకి మాత్రం సెలవు పెట్టు. అక్కడ చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, ఉన్నచోట వేసవి జనానికి ఆనదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

2016 వేసవిలో మీ మావయ్యా నేనూ కొలరాడో కొండల్లో ట్రైలర్ పెట్టుకుని ఉన్నాం. అప్పుడే భీమవరంలో నానమ్మకి తుంటి ఆపరేషన్ అయింది. అక్కడ పొద్దున పదిన్నరకి డాక్టరు చూసి వెళ్లాక మీ నాన్న వాట్సాప్‌లో ఫోన్ చేసేవాడు. మాకు అది రాత్రి పదకొండు. ఆ ఒక్క ఫోన్ కోసమే రోజంతా బతికేదాన్ని. సెల్ సిగ్నల్ లేదు. పార్కు వైఫై ట్రైలర్ రేకు దాటి లోపలికి రాదు. అందుకని దాన్ని పట్టుకుని మళ్లీ వదిలే చిన్న రౌటర్ ఒకటి కొన్నాను.

ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే, వైఫై నడిచే దారుల్లో, అంటే ఛానళ్లలో, ఒకటి, ఆరు, పదకొండు కిక్కిరిసి ఉన్నాయి. మూడు ఖాళీగా కనిపించింది. వీళ్లకి ఎవరికీ తోచలేదే అనుకుని మా రౌటర్‌ని మూడులో పెట్టాను. ఛానల్ వెడల్పు పెంచి 40 మెగాహెర్ట్జ్ చేశాను, పవర్ పూర్తిగా పెంచాను. వేగం పెద్దగా పెరగలేదు. పెరగాలని మూడు రాత్రులు అలాగే ఉంచాను.

నాలుగో రాత్రి పక్క సైటు పెద్దాయన టార్చి పట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు. ఆయన భార్య ఊళ్లో ఆసుపత్రిలో ఉందట. సెల్ సిగ్నల్ బదులు వైఫై మీదే ఫోన్ నడిపే వైఫై కాలింగ్‌లో ఆవిడతో మాట్లాడుతుంటే మూడు రోజులుగా మాట తెగిపోతోందట. ఆయన ఫోన్‌లో అన్నిటికన్నా బలంగా కనిపిస్తున్న పేరు మాదే. "కొంచెం తగ్గిస్తారా?" అని అడిగాడు. అరవలేదమ్మా. అరిచినా బాగుండేది. నేను మా అమ్మ గొంతు కోసం తాపత్రయపడుతూ ఆయనకి ఆయన భార్య గొంతు వినపడకుండా చేశాను.

ఆయన నేవీలో రేడియో పని చేసినవాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తనే విడమరిచి చెప్పాడు. మా రౌటర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు ఒకటి, ఆరు, పదకొండు మాత్రమే. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి వింటాయి. బోరింగు దగ్గర బిందెల్లాగా వంతులేసుకుంటాయి. మూడులో కూర్చున్నదాని మాట వాటికి అర్థం కాదు, గోల మాత్రం వినిపిస్తుంది. దాంతో ఇటు ఒకటీ అటు ఆరూ రెండూ పాడవుతాయి. నేను వెడల్పు కూడా పెంచాను కాబట్టి సగం పైగా దారి నేనే ఆక్రమించుకున్నానన్నమాట.

అందుకే చెబుతున్నా, ఒక్కదానివే కదా, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టుకో, హాట్‌స్పాట్ వైఫై గాలిలోకి వెళ్లే పనే ఉండదు. వైఫై తప్పనిసరైతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెట్టు, అది ఎక్కువ దూరం పోదు, వ్యాన్‌కి సరిపోతుంది. నీ ఐఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగుల్లో మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే మీట ఆఫ్‌లో ఉందో లేదో చూడు, ఆన్‌లో ఉంటే 2.4కే దిగుతుంది. పని అయిపోగానే హాట్‌స్పాట్ కట్టేయ్. మీటింగ్ మధ్యలో మైక్రోవేవ్ పెట్టకు, అది కూడా ఆ 2.4 దగ్గరే రొద చేస్తుంది.

హాట్‌స్పాట్ వాడొద్దని ఎవరైనా అంటే బెదిరిపోకు. నాష్‌విల్‌లో మారియట్ నడిపే హోటల్ ఒకటి అతిథుల హాట్‌స్పాట్‌లని అడ్డుకుంటే, 2014లో ఎఫ్‌సీసీ, అంటే రేడియో, ఫోన్ల సంగతి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ, 6 లక్షల డాలర్లు కట్టించింది. కానీ పక్కవాళ్లకి ఇబ్బందిగా ఉందని చెబితే మాత్రం వాదించకుండా ముందు ఆపెయ్. పార్కింగ్ గొడవలా చేసుకోకు. నీ కోపం నాకు తెలుసు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. సెల్ సిగ్నల్ లేనిచోట వైఫై కాలింగ్ మీద అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే, నువ్వు రిజిస్టర్ చేసిన అడ్రస్సే వాళ్లకి కనిపించొచ్చు. నువ్వేమో కొండల్లో ఉంటావు, వాళ్లు సాయాన్ని మీ సియాటిల్ ఇంటికి పంపించొచ్చు! అందుకే ఏ ఊరికి వెళ్లినా దిగగానే క్యాంప్‌గ్రౌండ్ పేరు, రోడ్డు, సైటు నంబరు కాగితం మీద రాసి డ్రైవింగ్ సీటు ముందు అంటించు. ఫోన్ ఎత్తగానే మొదట అదే చెప్పు. నీ ఫోన్‌లో ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే ఎస్ఓఎస్ ఉంది కదా, ఆకాశం కనిపించేచోట నిలబడి దాని డెమో ఒకసారి చేసి చూడు. చెట్ల కింద పనిచెయ్యకపోవచ్చు.

రోజూ సాయంత్రం ఆ సైటు నంబరు నాకూ పంపు. సిగ్నల్ లేని రోజులేవో ముందే చెబితే ఆ రోజులు ఎదురుచూడను.

పార్సిల్ పంపించాను. ఉసిరికాయ పచ్చడి డబ్బా కింద మూడడుగుల కేబుల్ ఉంటుంది, అట్టపెట్టెతో పాటు పారేయకు.

నీ
అత్త